థాంక్స్‌గివింగ్ క్రాఫ్టులు: మీ మూడేళ్ల పిల్లకి ఏది ఇవ్వాలి, ఏది వదిలెయ్యాలి

మా పెద్దదాన్ని డాలస్ పక్కన మా ఊళ్లో ప్రీస్కూల్‌లో వేసిన మొదటి ఏడాది, నవంబర్‌లో బ్యాగులో ఒక చీటీ వచ్చింది. ఇంట్లో ఒక టర్కీ (ఈ పండగకి ఇక్కడ వండుకునే పెద్ద కోడి లాంటి పక్షి) క్రాఫ్ట్ చేసి సోమవారం పంపండి అని. అప్పటిదాకా నాకు థాంక్స్‌గివింగ్ అంటే నాలుగు రోజుల సెలవు, బ్లాక్ ఫ్రైడే బేరాలు, ఎవరింట్లోనో తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్, అంతే. ఫోన్‌లో గంటసేపు వెతికి, అన్నిటికన్నా ముద్దుగా కనిపించిన, పైన్ చెట్టు ఎండుకాయతో చేసే పైన్ కోన్ టర్కీని ఎంచుకున్నాను. రంగు ఈకలు, ఊగే కళ్లు, గ్లూ గన్ అన్నీ కొని కూర్చుంటే రాత్రి పదకొండున్నరకి పూర్తయింది. అందులో పిల్ల చేసింది రెండు కళ్లు అంటించడం. ఒక కన్ను తోక దగ్గర అంటించింది, దాన్ని కూడా నేనే పీకి సరిచేశాను. సోమవారం టీచర్ "ఎంత బాగా చేశావో!" అంటే "అమ్మ చేసింది, నేను బజ్జున్నాను" అని చెప్పి వచ్చింది.

ఇప్పుడది కిండర్‌గార్టెన్‌లో ఉంది, చిన్నోడికి మూడున్నర. ఈ మధ్యకాలంలో మా టేబుల్ మీద చేయనిది లేదు, ఆ టేబుల్ మీద ఎంతకీ పోని గ్లూ మరక సాక్షి. కాబట్టి ఈ ఏడాది ఏం చేయిద్దామా అని చూస్తున్నవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదీ: ఫోటోలో ఎలా వస్తుందో పక్కన పెట్టి, ఆ పనిలో సగానికి పైగా మీ పిల్ల చేతులే చేస్తాయా లేదా అన్నది చూడండి. చెయ్యకపోతే అది మీ క్రాఫ్ట్. మీకు సరదాగా ఉంటే చేసుకోండి, తప్పులేదు, కానీ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని "ముట్టుకోకు, ముట్టుకోకు" అనొద్దు.

ముందు చేతులు చూడండి

మూడేళ్ల పిల్లలకి పిల్లల కత్తెర ఇస్తే కాగితం అంచున చిన్న చిన్న గాట్లు పెడతారు, అంతవరకే. నాలుగు దాటాక తిన్నగా గీసిన గీత మీద కాస్త అటూ ఇటూగా కత్తిరిస్తారు. గుండ్రటి తల, వంపు తిరిగిన ఈక కత్తిరించడం ఐదేళ్ల దగ్గరి పని. ఇందులో పిల్లకీ పిల్లకీ తేడా ఉంటుంది, మా ఇద్దరికే పొంతన లేదు, కానీ మీరు చూస్తున్న క్రాఫ్ట్‌లో అన్నీ వంపులే ఉంటే, మూడేళ్ల పిల్ల చేత అది చేయించలేరని అప్పుడే అర్థమైపోవాలి. ఇంకోటి, కూర్చునే ఓపిక. మూడేళ్లకి పది నిమిషాలు కూర్చుంటే గొప్ప. ఐదేళ్లకి, నచ్చిన పనైతే, అరగంట కూడా కూర్చుంటారు. గ్లూ ఆరడానికి గంట ఆగి మళ్లీ రెండో పొర వెయ్యాలి అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ పేజీ మూసెయ్యండి, ఆ గంటలో వాడు బొమ్మ కార్లలోకి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు.

చేతి టర్కీయా, పేపర్ ప్లేట్ టర్కీయా, క్లిప్పుల టర్కీయా

చేతి టర్కీ తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. అరచేతికి గోధుమరంగు, నాలుగు వేళ్లకి నాలుగు రంగులు పూసి కాగితం మీద అద్దితే బొటనవేలు తల, మిగతా వేళ్లు ఈకలు. పది నిమిషాల పని, ఖర్చు దాదాపు లేదు, వెనకాల తేదీ రాసి దాచుకుంటే ఏటేటా చెయ్యి ఎంత పెరిగిందో తెలుస్తుంది. మా దగ్గర మూడేళ్లవి ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది, అది వేరే సంగతి.

కానీ నిజం చెప్పాలంటే, మామూలుగా చేసే పద్ధతిలో పిల్ల పని ఏమీ లేదు. దాని చెయ్యి మనకి రబ్బరు స్టాంపు. పైగా బ్రష్ అరచేతిలో తగలగానే గిలిగింత పుట్టి పిడికిలి మూసేస్తారు, ఐదు రంగులూ కలిసి బురద రంగు ఒకటే మిగులుతుంది. రెండుసార్లు అలా పాడయ్యాక మా పెద్దది "నేనే పూసుకుంటా" అని బ్రష్ లాక్కుంది. అప్పుడు తెలిసింది, కుడి చేత్తో బ్రష్ పట్టుకుని ఎడమ చేతికి తనే పూసుకుంటే గిలిగింత తగ్గుతుంది, పిడికిలి మూయదు, వేలు వేలుకీ రంగు మార్చడంలో దాని దృష్టంతా పెడుతుంది. ఎడమచేతి వాటం పిల్లలైతే తిరగేసి చెయ్యండి. కాగితం కింద టవల్ మడతపెట్టి వేస్తే అరచేతి మధ్య గుంట కూడా పడుతుంది, లేకపోతే టర్కీ పొట్టలో తెల్లటి చిల్లు వస్తుంది. ఒక్కో వేలూ నొక్కి, చెయ్యి పక్కకి జరపకుండా పైకి ఎత్తాలి. రంగు నీళ్లతో కడిగితే పోయే టెంపెరా మాత్రమే కొనండి, సీసా మీద వాషబుల్ అని ఉంటుంది. అక్రిలిక్ అయితే చొక్కా మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

పేపర్ ప్లేట్ టర్కీకి ప్లేటు ఒళ్లు, వెనకాల కాగితపు ఈకలు. దీనికి అమ్మలు చేసే తప్పు, ఈకలన్నీ అందంగా కత్తిరించి పిల్లకి అంటించే పని మాత్రమే ఇవ్వడం. అలా కాకుండా మీరు రంగు కాగితాన్ని బొటనవేలంత వెడల్పు తిన్నటి పట్టీలుగా కోసి ఇచ్చి, అంచులకి గాట్లు పెట్టే పని వాళ్లకి వదిలేస్తే, ఆ గాట్లతో పట్టీ నిజంగానే ఈకలా కనిపిస్తుంది. మూడేళ్లకి వచ్చిన కత్తెర పని అదే కదా, సరిపోయింది. గ్లూ స్టిక్ ఇవ్వండి, సీసా గ్లూ వద్దు. సీసా నొక్కడం మొదలెడితే ఆపడం వాళ్లకి రాదు.

ఈ మూడిట్లో మూడేళ్ల పిల్లకి ఒకటే చేయించాలి అంటే నేను క్లిప్పుల టర్కీ అంటాను, అది ఎవరూ ఫోటో పెట్టుకోని క్రాఫ్ట్ అయినా సరే. అట్టపెట్టె నుంచి సాసర్ అంత గుండ్రటి ముక్క కోసి, గోధుమరంగు వేయించి, కళ్లు గీయించండి. బట్టలారేసే చెక్క క్లిప్పులు ఓ ఇరవై తీసుకుని, మార్కర్‌తో రంగులేసుకోమనండి. అవే ఈకలు. అట్ట అంచుకి గుచ్చడం, పీకడం, మళ్లీ గుచ్చడం. క్లిప్పు నొక్కడానికి బొటనవేలు, చూపుడువేలు పనిచెయ్యాలి, రేపు పెన్సిల్ పట్టుకునేదీ ఆ వేళ్లే. గ్లూ లేదు, ఆరబెట్టడం లేదు, పాడవడం లేదు. మధ్యలో 5 అని రాస్తే ఐదు ఈకలు, మర్నాడు 8 రాస్తే ఎనిమిది. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు అని వరస పెట్టించి "తర్వాత ఏది?" అని అడగండి, లెక్కల పాఠం అదే. మావాడు రెండు వారాలు ఆడాడు, ఆ రెండు వారాలూ నా చెవికీ, కుక్క చెవికీ కూడా ఈకలు మొలిచాయి.

ఐదేళ్లవాళ్లకి ఇది పది నిమిషాల్లో బోర్ కొడుతుంది, వాళ్లకి పేపర్ ప్లేట్. చేతి టర్కీ అందరికీ, ఎందుకంటే అది క్రాఫ్ట్ కన్నా జ్ఞాపకం. పైన్ కోన్ టర్కీ సంగతి అడగొద్దు. ఊరికే చెయ్యాలని ఉంటే, బయట ఏరుకొచ్చిన పైన్ కోన్‌లని ముందు ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఓ అరగంట పెట్టండి, లోపలి పురుగులు చస్తాయి, జిగురు కరుగుతుంది. కింద రేకు వేసి, పక్కనే ఉండండి.

కృతజ్ఞత చెట్టు, కాగితపు గొలుసు

థాంక్స్‌గివింగ్ అంటే థాంక్స్ చెప్పడం కదా, ఇక్కడే మన ఇళ్లలో చిన్న చిక్కు ఉంది. మనం అమ్మకి థాంక్స్ చెప్పం. అన్నం వడ్డించిన అమ్మతో "ధన్యవాదాలు" అంటే ఆవిడ "ఏమైందిరా నీకు, జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూస్తుంది. ఇంట్లో వినని మాటని బడిలో "వాట్ ఆర్ యూ థాంక్‌ఫుల్ ఫర్?" అని అడిగితే మూడేళ్ల పిల్ల ఏం చెప్తుంది? మా పెద్దది "టర్కీ" అంది. మేం శాకాహారులం. క్లాసులో అందరూ అదే అంటున్నారని తనూ అంది.

అందుకని ఇంట్లో నేను ప్రశ్న మార్చాను. "ఇవాళ నీకు ఎవరు ఏం చేసిపెట్టారు?" అని తెలుగులో అడుగుతాను. అప్పుడు జవాబులు వరదలా వస్తాయి. "తాతయ్య ఫోన్‌లో పిల్లిని చూపించారు", "నాన్న సాక్స్ తిరగేసి తొడిగాడు", "అమ్మ నా పప్పులో కారం వెయ్యలేదు". వాటినే ఆకు ఆకారం కాగితాల మీద వాళ్లన్నది అన్నట్టుగా తెలుగులో రాసి, బయట ఏరిన ఎండు కొమ్మని సీసాలో గులకరాళ్లతో నిలబెట్టి దానికి కడతాం. రోజుకి ఒక ఆకు, రెండు నిమిషాలు. ఆకు మీద వాళ్లకిష్టమైన రంగు వేసుకోవడం, కన్నంలో దారం దూర్చడం వాళ్ల పని. నవంబర్ ఒకటిన మొదలెడితే పండగనాటికి చెట్టు నిండిపోతుంది. పండగ ఎప్పుడూ నవంబర్ నాలుగో గురువారమే కాబట్టి 22 కన్నా ముందు రాదు, 28 దాటదు.

దీనికి పోటీ కాగితపు గొలుసు. రంగు పట్టీలని రింగులుగా చుట్టి ఒకదాంట్లో ఒకటి గుచ్చడం. రోజుకో రింగు చించేస్తే పండగకి ఎన్ని రోజులుందో తెలుస్తుంది. గొలుసులో పిల్లల చేతి పని ఎక్కువ, లెక్క ఎక్కువ, మాట తక్కువ. చెట్టులో మాట ఎక్కువ. మీ పిల్ల ఇంట్లో కూడా ఇంగ్లీషులోకి జారిపోతోంది, తెలుగు నోట్లో ఆడాలి అన్న బెంగ మీకుంటే చెట్టే పెట్టుకోండి, రెండో ఆలోచన వద్దు. ఇండియాలో ఉన్న అమ్మమ్మకి వీడియో కాల్‌లో ఆ రోజు ఆకు చదివి వినిపించడం మా ఇంట్లో ఒక తంతు అయిపోయింది. లెక్కల వైపు మొగ్గు ఉన్న పిల్లలకి, ఒక చోట కుదురుగా కూర్చోలేక చేతులు కదుపుతూ ఉండాల్సిన పిల్లలకి గొలుసు. రెండూ కలిపి పెట్టకండి. నేను ఒక ఏడాది పెట్టి పదో తారీకుకి రెండూ వదిలేశాను.

నిజమైన ఆకులతో చేసేది ఇంకోటుంది. ఆకుని తిరగేసి, ఈనెలు పైకి వచ్చేలా పెట్టి, పైన పల్చటి కాగితం వేసి, తొడుగు తీసేసిన క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దడం. ఈనె ఈనె తేలుతూ వస్తుంటే పిల్లల మొహం చూడాలి. న్యూజెర్సీలో నవంబర్ మూడో వారానికి ఆకులు రాలి ఎండి పొడైపోతాయి, మా టెక్సస్‌లో అప్పుడప్పుడే ఎర్రబడుతుంటాయి. కెనడావాళ్లకి థాంక్స్‌గివింగ్ అక్టోబర్ రెండో సోమవారమే కాబట్టి అక్కడ ఎర్రటి మేపుల్ ఆకులకి లోటే లేదు. ఎండినవి దొరక్కపోతే పచ్చి ఆకు ఇంకా బాగా పనిచేస్తుంది, విరగదు. పెరట్లో కరివేపాకు కుండీ ఉంటే ఒక రెబ్బ పెట్టి చూడండి.

వంటింటి ప్రయోగాలు: క్రాన్‌బెర్రీ, గెంతే మొక్కజొన్న, వెన్న

క్రాఫ్ట్ అనగానే మొహం చిట్లించే పిల్లలుంటారు, ఎక్కువగా మగపిల్లలు అంటారు గానీ మా ఇంట్లో ఆడపిల్లే. వాళ్లకి ఇవి.

అన్నిటికన్నా తేలిక క్రాన్‌బెర్రీ. నవంబర్‌లో ప్రతి కొట్లోనూ పచ్చి క్రాన్‌బెర్రీల సంచులు ఉంటాయి. మన తెలుగువాళ్లు ఇక్కడ వాక్కాయ దొరక్క దాని బదులు పప్పులో, పచ్చట్లో వేసుకునేది ఇదే, కాబట్టి ప్రయోగం అయ్యాక కడిగి పప్పులో వేసెయ్యొచ్చు, వృథా పోదు. ఒక గిన్నెలో నీళ్లు పోసి, ద్రాక్ష, క్రాన్‌బెర్రీ, చింతగింజ, కార్క్ పక్కన పెట్టి "ఏది మునుగుతుంది?" అని అడగండి. క్రాన్‌బెర్రీ తేలుతుంది. దాన్ని మీరు అడ్డంగా కోసి చూపిస్తే లోపల నాలుగు ఖాళీ గదులు కనిపిస్తాయి, అందులో గాలి. రైతులు కోత సమయంలో పొలంలోకి నీళ్లు వదిలి, తేలిన పళ్లని పోగుచేసేది ఆ గాలి వల్లే. మంచి కాయని టేబుల్ మీద పడేస్తే బంతిలా ఎగురుతుంది, ఇంక ఆ తర్వాత ప్రయోగం ఆగదు, ఎగరేసుకోవడమే. ఒక్కటే జాగ్రత్త, నాలుగేళ్ల లోపు పిల్లలకి గుండ్రటి గట్టి కాయ, ద్రాక్ష, చింతగింజ, పాప్‌కార్న్ గింజ ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. పక్కనుంచి లేవొద్దు.

గెంతే మొక్కజొన్న కాస్త తమాషా ఎక్కువ. పొడుగాటి గాజు గ్లాసులో నీళ్లు, ఒక చెంచా బేకింగ్ సోడా, గుప్పెడు పాప్‌కార్న్ గింజలు వేసి, వెనిగర్ మెల్లగా పొయ్యాలి. గింజలకి బుడగలు అంటుకుని పైకి లేస్తాయి, పైన బుడగ పగలగానే కిందికి దిగుతాయి, మళ్లీ లేస్తాయి. వెనిగర్ ఒకేసారి గుమ్మరిస్తే నురగ పొంగి గోల అయిపోతుంది. చిన్న చెంచాతో పోసే పని పిల్లకిస్తే దానికదే ఒక ఆట. పది నిమిషాలు చూస్తారు. పెద్దగా నేర్చుకునేది "మళ్లీ పొయ్యి" అన్న మాట.

నేను ఎక్కువ మెచ్చేది వెన్న సీసా. హెవీ విప్పింగ్ క్రీమ్ ఫ్రిజ్‌లోంచి తీసి ఓ అరగంట బయటపెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలో సగం లోపే పోసి, ఊపాలి. పది నుంచి పదిహేను నిమిషాలు. మొదట గుడగుడమని చప్పుడు వస్తుంది. తర్వాత చప్పుడు ఆగిపోతుంది, సీసా ఊపినా లోపల ఏమీ కదలనట్టు ఉంటుంది, అక్కడ చాలామంది పాడైందనుకుని ఆపేస్తారు. ఆపొద్దు, అది గట్టిపడిన క్రీమ్. ఇంకాస్త ఊపితే ఒక్కసారిగా 'దబ్' మని ముద్ద సీసా గోడకి తగిలిన చప్పుడు, చుట్టూ పల్చటి తెల్లటి నీళ్లు. మా అత్తయ్య ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు ఈ తతంగం చూసి "ఓసి, ఇంతేనా, వెన్న చిలకడమేగా, కవ్వం లేదా మీ దగ్గర?" అంది. ఆ సాయంత్రం పిల్లలకి కవ్వం ఎలా తిప్పేవారో, తాడు ఎలా లాగేవారో చేత్తో చేసి చూపించింది. పిల్లలు ఇంట్లో కారిడార్ అంతా సీసా ఊపుతూ పరుగెత్తారు. మిగిలిన నీళ్లు తాగి చిన్నోడు "మజ్జిగ పుల్లగా లేదు" అన్నాడు. తోడు పెట్టని పాలలోంచి వచ్చింది కాబట్టి పుల్లగా ఉండదని చెప్పాను, అర్థమైందో లేదో.

కత్తెర, గ్లూ, రంగు ఏదీ అక్కర్లేని పని ఇది. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఎవరైనా చేస్తారు, చేతులు నొప్పెడితే పక్కవాళ్లకిచ్చేస్తారు, చివర్లో రొట్టెకి రాసుకుని తింటారు. ప్రీస్కూల్‌లో అందరూ కలిసి చెయ్యడానికి మీరు వాలంటీర్‌గా వెళ్తున్నట్టయితే ఇదే ఎంచుకోండి, కానీ పాల ఎలర్జీ ఉన్న పిల్లలున్నారేమో టీచర్ని ముందు రోజే అడగండి.

పప్పులతో సెన్సరీ బిన్ గురించి

ఒక డబ్బాలో మొక్కజొన్న గింజలు, ఎండు బీన్స్, రంగేసిన బియ్యం పోసి, చెంచాలు, చిన్న గిన్నెలు ఇచ్చి ఆడుకోమనే ఆట. పిల్లలకి మహా ఇష్టం, అరగంట మీకు టీ తాగే సమయం దొరుకుతుంది. కానీ మూడు ఇబ్బందులు. గింజ ముక్కులో, చెవిలో దూరుతుంది. పచ్చి రాజ్మా నోట్లో పెట్టుకుంటే విషమే, ఉడకని రాజ్మా కడుపుని అతలాకుతలం చేస్తుంది, దాన్ని మాత్రం ఎప్పుడూ వాడొద్దు. మూడోది మా అత్తయ్య. బియ్యానికి ఆకుపచ్చ రంగు వేస్తున్న నన్ను చూసి ఏమీ అనలేదు, "అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటారు మరి" అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది. తిండి కాలికింద పడుతుంటే నాకూ మనసొప్పలేదు. ఇప్పుడు డబ్బాలో ఎండుటాకులు, చిన్న గుమ్మడికాయలు, కాగితపు ముక్కలు వేస్తున్నాను. ఆట అంతే ఆడుతున్నారు, ఊడ్చడం కూడా తేలిక.

చుక్కలు కలపండి, టర్కీకి రంగులెయ్యండి అని ఉచితంగా దొరికే వర్క్‌షీట్లు కార్లో వెళ్లేటప్పుడు పనికొస్తాయి. అంతకుమించి వాటి గురించి చెప్పేదేం లేదు.

నేను చేయించనివి

రంగు ఈకలు గుచ్చిన కాగితపు కిరీటం, బకిల్ ఉన్న నల్ల టోపీ. ఈ రెండూ ఇప్పటికీ కొన్ని బళ్లలో చేయిస్తారు, తేలిగ్గా అయిపోతాయి, పిల్లలు ముద్దుగా కూడా ఉంటారు. అయినా వద్దంటాను. ఈ పండగకి మూలమని చెప్పుకునే విందు 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో, పంట చేతికొచ్చాక, మూడు రోజులు జరిగింది. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చిన 102 మందిలో ఆ చలికాలం దాటి బతికింది సగం మందే. మాసాసోయిట్ అనే నాయకుడితో అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు దాదాపు 90 మంది వచ్చారు, ఐదు జింకల్ని తెచ్చారు. ఆ వాంపనోగ్‌లు మనం కాగితంతో చేసే ఆ పెద్ద ఈకల కిరీటాలు పెట్టుకునేవాళ్లు కాదు, అవి ఎక్కడో మైదాన ప్రాంతాల తెగలవి, అదీ గౌరవంగా సంపాదించుకునేవి. బకిల్ టోపీ తర్వాతి కాలపు బొమ్మలు వేసినవాళ్ల ఊహ. ఆ విందు తర్వాతి దశాబ్దాల్లో వాంపనోగ్‌లకి జరిగింది చాలా దారుణం. 1970 నుంచి ప్రతి థాంక్స్‌గివింగ్ రోజునా వాళ్లూ, మిగతా తెగలవాళ్లూ ప్లిమత్‌లో సంతాప దినం జరుపుకుంటున్నారు. ఎవరైనా మన పిల్లలకి జంధ్యం, గడ్డం అంటించి "ఇవాళ ఇండియన్ డ్రెస్" అంటే మనకెలా ఉంటుంది?

మూడేళ్ల పిల్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. "ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు వాంపనోగ్‌లు. కొత్తగా వచ్చినవాళ్లకి తిండి ఎలా పండించాలో నేర్పారు. వాళ్లు ఇప్పటికీ ఉన్నారు" అంటే చాలు. ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు, పిల్లలు వాళ్లని డైనోసార్లతో కలిపేస్తారు.

కిరీటం బదులు ముగ్గురు అక్కచెల్లెళ్ల బొమ్మ చేయించండి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట నాటడం అక్కడివాళ్ల పద్ధతి. మొక్కజొన్న నిలబడుతుంది, చిక్కుడు తీగ దాన్ని పట్టుకుని పాకుతుంది, గుమ్మడి ఆకులు కింద నేలని కప్పి తడి ఆరకుండా చూస్తాయి. చిక్కుడు నేలకి సత్తువ కూడా ఇస్తుంది. మన దగ్గర జొన్నలో కంది కలిపి వేసే ఊళ్లవాళ్లకి ఇది కొత్తేం కాదు. పెద్ద కాగితం మీద ఆకుపచ్చ పట్టీ నిలువుగా అంటించి, దాని చుట్టూ పైప్ క్లీనర్ చుట్టించి, కింద నారింజరంగు వేలిముద్రలతో గుమ్మడికాయలు పెట్టించండి. చుట్టడం మూడేళ్ల చేతికి సరిగ్గా సరిపోయే పని, పైప్ క్లీనర్ చివర్లు గుచ్చుకోకుండా మడిచి ఇవ్వండి. మొక్కజొన్న, గుమ్మడి, మనం లేకుండా ఉండలేని మిరపకాయ, అన్నీ ఈ ఖండం నుంచే మన దాకా వచ్చాయని మీ పెద్ద పిల్లలకి చెప్పి చూడండి, మిరపకాయ దగ్గర నమ్మరు.

టర్కీ మారువేషం

కొన్ని బళ్లు ఖాళీ టర్కీ బొమ్మ కాగితం పంపి, "పండగ రోజు దీన్ని ఎవరూ వండుకు తినకుండా మారువేషం వెయ్యండి" అంటాయి. నాలుగున్నర, ఐదేళ్లకి ఇంతకన్నా మంచి పని లేదు, ఎందుకంటే ఇందులో కథ ఉంది. మూడేళ్లకి మారువేషం అన్న ఆలోచనే అంతుపట్టదు, వాళ్లకి రంగులెయ్యడానికి ఇచ్చేసి ఊరుకోండి. దీనితో చిక్కల్లా, ఇది రెండు రోజుల్లో తల్లిదండ్రుల పోటీ అయిపోతుంది. గోడ మీద పెట్టినప్పుడు చూడాలి, లైట్లు వెలిగే టర్కీలు, కుట్టిన కోటు వేసుకున్న టర్కీలు. మా పెద్దదాన్ని "ఏం వేషం?" అని అడిగితే "తాతయ్య" అంది. సరే అని నా పాత చున్నీ అంచు కత్తిరించుకుని పంచె కట్టింది, దూదితో మీసం పెట్టింది, కళ్లజోడు గీసింది. పంచె వెనకనుంచి తోక కనిపిస్తూనే ఉంది, "తాతయ్య కూర్చున్నాడు కాబట్టి కనపడదు" అంది. నేను ఒక్క వేలు పెట్టలేదు. టీచర్ అడిగితే ఈసారి అది ఐదు నిమిషాలు చెప్పిందట.

పండగ రోజు, నలుగురి పిల్లలు ఒకచోట చేరితే

మన పాట్‌లక్‌లలో ఏడాదిన్నర నుంచి పదేళ్ల దాకా పిల్లలుంటారు, కొన్నేళ్లు కార్తీకమాసం కూడా కలిసి వస్తుంది కాబట్టి టర్కీ ఎలాగూ ఉండదు, పులిహోర ఉంటుంది. అక్కడ క్రాఫ్ట్ కిట్లు విప్పకండి. ఒకడు ఏడుస్తాడు, ఇంకొకడు మూత పోగొడతాడు, ఇంటావిడ తివాచీ మీద గ్లూ పడుతుంది. పిల్లల టేబుల్‌కి గోధుమరంగు ప్యాకింగ్ కాగితం చుట్ట విప్పి, ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచి, కింద టేప్ వేసి, మధ్యలో గిన్నెనిండా లావు క్రేయాన్లు పెట్టండి. మార్కర్లు వద్దు, కాగితం దాటి టేబుల్‌కి దిగుతాయి. ప్రతి పిల్ల ముందూ ఒక ప్లేటు ఆకారం గీసి "నీ ప్లేట్లో ఏం కావాలో బొమ్మ వెయ్యి" అనండి. ఏడాదిన్నరవాడు పిచ్చిగీతలు గీస్తాడు, పదేళ్లది పిజ్జాకి నీడలు కూడా వేస్తుంది, ఎవరి పని వాళ్లది. పోయినేడు మా అత్తయ్య ఖాళీ దొరికిన మూల ఐదు చుక్కల ముగ్గు పెట్టింది, భోజనాలయ్యేసరికి దాని మధ్య గడిలో ఎవరో ఒక టర్కీని కూర్చోబెట్టారు, మూడు కాళ్లతో.